కోర్సు అమీర్‌పేటలో, కిటుకు అబిడ్స్‌లో

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. ఫుట్‌పాత్‌లు మాత్రం కిటకిటలాడుతుంటాయి. పాత పుస్తకాల సంత అది. నవలలు, పోటీ పరీక్షల గైడ్ల పక్కనే కంప్యూటర్ పుస్తకాలూ గుట్టలుగా పడి ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా అడుగుపెట్టినవాళ్లు ఆ గుట్టల్ని ఒక్కసారైనా తిరగేయాలి. ఉదాహరణకు, విజువల్ బేసిక్ 6 అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది 1998లో. అప్పట్లో మంచి గిరాకీ ఉన్న కోర్సు. పదేళ్లు తిరక్కుండానే, 2008లో, దాంతో ప్రోగ్రాములు రాసే సాధనానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఇక దాని లావుపాటి గైడ్లకు కాగితం బరువే విలువ.

అవే గుట్టల్లో మూడు వందల పేజీలు కూడా లేని బక్క పుస్తకం ఒకటి కనిపిస్తే వదలకూడదు. కెర్నిగన్, రిచీ కలిసి రాసిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’. తొలి కూర్పు 1978లో, రెండోది 1988లో వచ్చాయి. ఇవాళ్టికీ దాన్ని చదువుతున్నారు. పాఠాల మధ్య అభ్యాసాలుంటాయి, వాటికి జవాబులు మాత్రం పుస్తకంలో ఉండవు. చదివేవాడికి చిరాకు పుట్టించే ఆ లోటే దాని బలం.

ఎందుకో 2006లో వచ్చిన ఒక పరిశోధన చెబుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికీ కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని మళ్లీ చదివించారు. మరికొందరితో, చదివిన కాగితం పక్కన పెట్టించి, గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్లు ముందున్నారు. వీడియో చూస్తూ కోడ్ కొడుతున్నప్పుడు ‘అంతా వచ్చేసింది’ అనిపిస్తుందే, అది ఆ ఐదు నిమిషాల గెలుపే.

చూడకుండా గుర్తుచేసుకోవడం మొదటి పాఠమైతే, రెండోది కూడా అబిడ్స్‌లోనే, జగదీష్ మార్కెట్‌లో దొరుకుతుంది. ఫోన్లు అమ్మే, బాగుచేసే దుకాణాలకు పేరుమోసిన చోటు. “ఆన్ కావట్లేదన్నా” అని ఫోన్ ఇస్తే, పని తెలిసిన మెకానిక్ ఎవరైనా వెంటనే పార్టులు మార్చడు. బ్యాటరీ తీసి, బోర్డుకు బయటి నుంచి కరెంటిచ్చి మీటరు చూస్తాడు. పవర్ బటన్ నొక్కకముందే కరెంటు లాగేస్తోందంటే ఎక్కడో షార్టయినట్టే. నొక్కినా మీటరులో చలనం లేకపోతే కథ వేరు. షార్టయితే బోర్డుకు రోజిన్ పొగ పట్టిస్తాడు. తెల్లటి పల్చని పొర పరుచుకుంటుంది. మళ్లీ కాస్త కరెంటిస్తే, చెడిపోయిన భాగం వేడెక్కి దాని మీది పొర ఒక్కటే కరుగుతుంది. వందలాది చిన్న భాగాల్లో దొంగ పట్టుబడతాడు.

ఆ మోడల్ ఫోన్ అతను అంతకుముందు చూసి ఉండకపోవచ్చు. ఫర్వాలేదు, వెతికే పద్ధతి తెలుసు కదా. సాఫ్ట్‌వేర్‌లో డీబగ్గింగ్ అన్నా ఇదే. వెయ్యి మార్పుల్లో ఏది ప్రోగ్రామును చెడగొట్టిందో తెలియనప్పుడు, ప్రతిసారీ సగానికి చీల్చి చూసుకుంటూ పోతే దాదాపు పది పరీక్షల్లో తేలిపోతుంది. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ‘బైసెక్ట్’ ఆదేశం చేసే పని అదే. కొత్తవాళ్లలో చాలామంది మాత్రం ఎర్రర్ కనపడగానే నాలుగు చోట్ల ఒకేసారి మార్చేస్తారు. అదృష్టం బాగుండి పనిచేసినా, ఏ మార్పు వల్ల బాగుపడిందో చెప్పలేరు. అలాంటి గెలుపు కంటే ఓటమే నయం!

ఇదంతా సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరుపడ్డ అమీర్‌పేటను చిన్నచూపు చూడటం కాదు. అక్కడి కోర్సులు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించాయి. కానీ కోర్సు ఒక సాధనాన్ని నేర్పుతుంది. ఆ తర్వాత వచ్చే సాధనాన్ని ఎవరికి వారే పట్టుకోవాలి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ నాంపల్లి, అక్కణ్నుంచి అబిడ్స్‌కు నడిచిపోవచ్చు. ఫుట్‌పాత్ మీద ‘24 గంటల్లో’, ‘21 రోజుల్లో’ అని ఊరించే పుస్తకాలు తగిలితే పీటర్ నార్విగ్ గుర్తుకు రావాలి. తర్వాతి కాలంలో గూగుల్ పరిశోధన విభాగానికి డైరెక్టరైన ఆయన, ఆ తొందరను ఎగతాళి చేస్తూ, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పదేళ్లు పడుతుందని వ్యాసం రాశారు.

అన్నాళ్లు ఆగక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ఈసారి ఎర్రర్ వస్తే, దాన్ని చాట్‌బాట్‌లో అతికించేముందు కాగితం మీద మూడు ముక్కలు రాయండి: ఏం జరగాలి, ఏం జరిగింది, తేడా ఎక్కడుందని మీ అనుమానం. ఆ తర్వాతే అడగండి. వారం పోయాక అదే కాగితం తీసి, పరిష్కారం చూడకుండా చెప్పగలరేమో చూసుకోండి.