వాసన చూస్తే వయసు చెప్పే గాజులు!

పాతకాలం ప్లాస్టిక్‌ నగలంటే అమెరికా, ఐరోపాల్లో చాలామందికి మహా మోజు. మోజున్నచోట నకిలీలూ ఉంటాయిగా! మరి అసలుదేదో పోల్చుకోవడం ఎలా? ప్రయోగశాలకి పరిగెత్తక్కర్లేదు. ఓ గిన్నెడు వేడినీళ్లూ, చురుకైన ముక్కూ ఉంటే సగం పని అయిపోయినట్టే!

ప్లాస్టిక్‌ గాజంటే మనకి కాస్త చులకనే. తిరునాళ్లలో డజను కొనుక్కుని, రంగు వెలిస్తే పారేస్తాం. కానీ 1930ల నాటి ఓ ప్లాస్టిక్‌ గాజు కోసం న్యూయార్క్‌, లండన్‌, ప్యారిస్‌లలో పాత వస్తువుల సంతలన్నీ గాలించేవాళ్లున్నారు. ప్రఖ్యాత చిత్రకారుడు ఆండీ వార్హోల్‌కీ ఆ పిచ్చి ఉండేది. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1988లో సోత్‌బీస్‌ సంస్థ ఆయన సేకరణని వేలం వేసినప్పుడు అందులో బేకలైట్‌ నగలూ ఉన్నాయి.

ఇక్కడే ఓ చిక్కుంది. నిన్నగాక మొన్న పోతపోసిన గాజుని కూడా 'అమ్మమ్మల కాలం నాటిది' అని అంటగట్టేవాళ్లు బోలెడుమంది. అలాంటి నకిలీలకి అక్కడివాళ్లు 'ఫేకలైట్‌' అని ముద్దుపేరు కూడా పెట్టారు. డబ్బు పోతే పోయింది... తెలిసీ తెలియని పరీక్షలు చేస్తే తొంభై ఏళ్లు చెక్కుచెదరని నగ మన చేతుల్లోనే పాడవుతుంది. ఒక్కోసారి చేతులూ కాలతాయి!

కర్పూరం గుబాళిస్తే...

పాత ప్లాస్టిక్‌ల కథ ఏనుగు దంతంతో మొదలైంది. బిలియర్డ్స్‌ బంతుల్ని అప్పట్లో దంతంతోనే చేసేవారు. దంతానికి కరవొచ్చేసరికి, ప్రత్యామ్నాయం కనిపెట్టినవారికి పదివేల డాలర్లు ఇస్తామని 1863లో ఓ అమెరికా కంపెనీ ప్రకటించింది. ఆ ప్రకటన చూసి ప్రయోగాలు మొదలుపెట్టిన జాన్‌ వెస్లీ హయత్‌, ఆమ్లాలతో మార్చిన దూదికి కర్పూరం కలిపి ఓ కొత్త పదార్థం తయారుచేశాడు. 1870లో పేటెంటూ పొందాడు. అదే సెల్యులాయిడ్‌. తర్వాత సినిమా రీళ్లయింది కూడా ఇదే!

దంతపు నగలు కొనే స్తోమత లేని ఆడవాళ్లకి సెల్యులాయిడ్‌ వరమైంది. దువ్వెనలూ, జడ పిన్నులూ, రాళ్లు పొదిగిన గాజులూ వెల్లువెత్తాయి. దీన్ని పోల్చడం మనకైతే మరీ తేలిక. వేడినీళ్లలో కొన్ని క్షణాలు ముంచి వాసన చూస్తే పూజగది గుర్తొస్తుంది. అవును, అది కర్పూరమే! చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, పల్చగా ఉంటుంది. దంతంలా కనిపించాలని వేసిన గీతలు గీటుపెట్టి గీసినట్టు ఒకే వరసలో సాగుతాయి. అసలు దంతాన్ని అడ్డంగా కోసిన చోట గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ వలలా ఉంటాయి.

పాలతో చేసిన 'పాలరాయి'

నల్లబల్ల బదులు బడిపిల్లలకి తెల్లబల్ల తయారుచేయాలని జర్మనీలో విల్‌హెల్మ్‌ క్రిషే చేసిన ప్రయత్నం నుంచి పుట్టింది గాలలిత్‌. గ్రీకులో 'గాలా' అంటే పాలు, 'లిథోస్‌' అంటే రాయి. అంటే అచ్చంగా పాలరాయన్నమాట! పాలు విరిచి తీసిన కేసిన్‌ని ఫార్మాల్డిహైడ్‌లో నానబెడితే రాయిలా గట్టిపడుతుంది. ఏ రంగేసినా ఇట్టే పీల్చుకుంటుంది. జర్మనీలోని ఇడార్‌-ఓబర్‌స్టైన్‌లో జేకబ్‌ బెంగెల్‌ కర్మాగారం దీనికి తళతళలాడే క్రోమ్‌ గొలుసులు జతచేసి తయారుచేసిన హారాలు ఇప్పటికీ కొత్త ఫ్యాషన్‌లాగే ఉంటాయి. వేడి తగిలితే ఇది మాడిన పాల వాసనేస్తుంది. అయితే నీటిని పీల్చి ఉబ్బుతుంది కాబట్టి నానబెట్టకూడదు.

నల్లటి నగని వేలితో గట్టిగా రుద్దినప్పుడు రబ్బరు, గంధకం కలిసిన వాసనొస్తే అది వల్కనైట్‌... అంటే గంధకంతో గట్టిపరిచిన రబ్బరు. 1861లో భర్త ఆల్బర్ట్‌ చనిపోయాక విక్టోరియా రాణి నలుపు విడిచిపెట్టలేదు. ఆమెని చూసి బ్రిటన్‌లో సంతాప సూచకంగా నల్లనగలు వేసుకోవడం ఆచారమైంది. ఖరీదైన జెట్‌ రాయి కొనలేనివాళ్లు ఈ రబ్బరు నగలతోనే సరిపెట్టుకున్నారు. ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే దీని నలుపు గోధుమరంగుకి తిరుగుతుంది.

లక్క కోసం వెతికితే...

ఇక అసలు నాయిక బేకలైట్‌. దీని పుట్టుకలో మనకీ వాటా ఉంది. విద్యుత్తు తీగలకి పూత వేయడానికి వందేళ్ల క్రితం లక్క కావాల్సివచ్చేది. లక్కపురుగుల నుంచి వచ్చే ఆ సరకులో ఎక్కువభాగం వెళ్లింది మనదేశం నుంచే. హైదరాబాద్‌ లాడ్‌బజార్‌లో మెరిసే గాజులకీ అదే ముడిసరకు. ఆ లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లక్కకి ప్రత్యామ్నాయం వెతుకుతూ, బెల్జియంలో పుట్టి న్యూయార్క్‌ దగ్గర స్థిరపడ్డ లియో బేక్‌లాండ్‌ 1907లో ఫీనాల్‌నీ ఫార్మాల్డిహైడ్‌నీ కలిపి పూర్తిగా కృత్రిమమైన మొదటి ప్లాస్టిక్‌ని తయారుచేశాడు. మన పాత ఇళ్లలోని నల్ల స్విచ్చులు ఆ కుటుంబానివే.

1927లో పేటెంట్‌ గడువు ముగిసింది. కాటలిన్‌ అనే మరో కంపెనీ రంగంలోకి దిగి, అదే రసాయనాన్ని జిగేల్‌మనే రంగుల్లో పోతపోసింది. నేడు బేకలైట్‌ నగలంటున్న వాటిలో చాలావరకు ఈ రకమే. అమెరికా ఆర్థికమాంద్యంలో విలవిల్లాడుతున్న రోజులవి. బంగారం మాట దేవుడెరుగు, కాస్త మంచి గౌను కొనడమే గగనం. అలాంటప్పుడు ఎర్రటి చెర్రీపళ్ల బ్రూచ్‌, పూలు చెక్కిన పసుపు గాజు సామాన్య గృహిణి ముఖంలో నవ్వు పూయించాయి.

రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ప్లాస్టిక్‌ పరిశ్రమ సైన్యం అవసరాలకి మళ్లింది. ఆ తర్వాత ల్యూసైట్‌లాంటి అక్రిలిక్‌లదే హవా. గాజులా పారదర్శకంగా, తేలిగ్గా ఉండే వీటికి వేడినీళ్లలో ముంచినా చెప్పుకోదగ్గ వాసన రాదు.

బేకలైట్‌ని పట్టేదిలా...

బరువు: అదే పరిమాణంలోని ఇప్పటి ప్లాస్టిక్‌ గాజు కంటే చేతికి బరువుగా తగులుతుంది.

చప్పుడు: రెండు గాజుల్ని తాకిస్తే కిణకిణమనదు. చెక్కలు కొట్టుకున్నట్టు 'టక్‌ టక్‌' మంటుంది.

అతుకు: కడ్డీలుగా, గొట్టాలుగా పోతపోసి, ముక్కలు కోసి, చేత్తో చెక్కేవారు. కాబట్టి అచ్చు అతుకు గీత సాధారణంగా కనిపించదు. గీత స్పష్టంగా ఉంటే అనుమానించాల్సిందే.

వాసన: బొటనవేలితో వేడెక్కేలా రుద్దినా, అరనిమిషం వేడినీళ్లలో ఉంచినా ఘాటైన ఫినాయిల్‌లాంటి వాసనొస్తుంది.

మరక: సిమిక్రోమ్‌ అనే లోహపు పాలిష్‌ గులాబీరంగులో ఉంటుంది. దాన్ని దూదికి రాసి గాజు లోపలివైపు సుతారంగా రుద్దితే దూది పసుపురంగుకి మారుతుంది.

రంగు: కాలం గడిచేకొద్దీ తెలుపు మీగడరంగుకీ నీలం ఆకుపచ్చకీ తిరుగుతాయి. పారదర్శకంగా ఉన్నది యాపిల్‌ రసంలా మారుతుంది.

నల్లవాటికీ, వార్నిష్‌ పూసినవాటికీ మరక పరీక్ష పనిచేయకపోవచ్చు. అందుకే ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండు మూడు పరీక్షలు కలిపి చూడాలి.

అంబర్‌ పూసలంటూ బేకలైట్‌ పూసల్ని అంటగట్టేవాళ్లకీ ఓ విరుగుడుంది. గ్లాసుడు నీళ్లలో ఇక కరగదన్నంత ఉప్పు కలిపి విడి పూస వేయాలి. అంబర్‌ తేలుతుంది, బేకలైట్‌ మునుగుతుంది. కొన్ని ఇతర ప్లాస్టిక్‌లూ తేలతాయి కాబట్టి, తేలినంత మాత్రాన అంబరేనని సంబరపడకూడదు!

సూది జోలికి వెళ్లొద్దు

సూదిని ఎర్రగా కాల్చి గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తుంటారు. అస్సలు వద్దు. సెల్యులాయిడ్‌ అయితే భగ్గున అంటుకుంటుంది. బేకలైట్‌ అయితే మచ్చపడి విలువ పోతుంది, ఆ పొగా మంచిది కాదు. రాళ్లు అతికించిన నగల్ని నీళ్లలో ముంచితే జిగురు ఊడుతుంది. వాటిని వేలితో రుద్ది చూస్తే చాలు.

సెల్యులాయిడ్‌కి మరో జబ్బుంది. వయసు మీదపడితే లోపల్నుంచి ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. ఒళ్లంతా పగుళ్లిస్తుంది, లోహపు కొక్కేలు పచ్చగా చిలుమెక్కుతాయి. ఆ ఆవిర్లు పక్కనున్న మంచి నగల్నీ పాడుచేస్తాయి. అందుకే గాలి చొరని డబ్బాలో అన్నిటినీ కలిపి పెట్టకూడదు. సెల్యులాయిడ్‌ని వేరుచేసి, కాస్త గాలి తగిలే చల్లని చోట, ఎండకీ పొయ్యికీ దూరంగా ఉంచాలి. పగుళ్లు కనిపించినదాన్ని వెంటనే పక్కకి తీసేయాలి.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, అక్కడి పాత సరకుల సంతలో రంగురంగుల గాజేదైనా ముచ్చటపడి చేతిలోకి తీసుకుంటే... ధర అడిగే ముందు బొటనవేలితో ఓ పది సెకన్లు గట్టిగా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకోండి. అమ్మేవాడు చెప్పేది ఆ తర్వాత వినొచ్చు!