వీధులును, వికలాంగుల వార్ధక్యమును

భారతదేశమున పోలియో వ్యాధి తొలగిపోయినదని ప్రపంచారోగ్య సంస్థవారు 2014 మార్చి 27వ తేదీన ధ్రువపత్రము నొసంగిరి. కడపటి రోగి 2011 జనవరిలో పశ్చిమ వంగరాష్ట్రమున హౌరా జిల్లాలో కనబడిన యొక బాలిక. ఇది దేశమున కెల్ల గౌరవము దెచ్చిన విజయమనుటకు సందేహము లేదు. అయితే ఆ విజయమునకు పూర్వమే వ్యాధి వాతబడినవారి మాట యేమి? చుక్కలమందు వేయుట 1970 దశకము చివర నారంభమై, 1995లో పల్స్ పోలియో కార్యక్రమముతో దేశమంతట ముమ్మరమైనది. అంతకు ముందు పుట్టి, బాల్యముననే కాలు చచ్చుబడినవారు మన ఆంధ్ర, తెలంగాణ పట్టణములలో నేడు నలువది, ఏబది, అఱువది యేండ్లవారై యున్నారు. వీరిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దర్జీలు, చిల్లర వర్తకులు గలరు. వీరిని వార్ధక్యము తక్కినవారికంటె ముందుగా పట్టుకొనుచున్నది.

దీనికి కారణమును వైద్యులు కనుగొనియే యున్నారు. బాల్యమున వ్యాధి కొన్ని నాడీకణములను చంపగా, మిగిలినవి కొత్త శాఖలు చాచి కండరములను నడిపించును. దశాబ్దములపాటు ఆ యధికభారమును మోసి మోసి యవియు నలసిపోవును. జబ్బు తగ్గిన పదునైదు మొదలు నలువది యేండ్లకు మరల నీరసము, కీళ్లనొప్పి తలచూపును. చంకకఱ్ఱలతో తిరుగువానికి భుజములే కాళ్లు గనుక అవియు నరిగిపోవును. దీనిని మాన్పు మందు లేదు. శక్తిని పొదుపుగా వాడుకొనుమని మాత్రమే వైద్యుడు చెప్పును. కాని యెంత శక్తి వ్యయమగునో నిర్ణయించునది వైద్యుడును గాడు, రోగియు గాడు. ఆతడు కాపురముండు వీధి.

మన పట్టణములలో నే వార్డునైనను చూడుడు. పాతరోడ్డును త్రవ్వి తీయక దానిమీదనే కొత్త సిమెంటు పఱచుదురు. వీధి యెత్తగును. వాననీరు లోనికి రాకుండ గృహస్థుడు గడప నెత్తించి, మెట్లు పెంచి, వానిని మురుగుకాలువ దాటించి వీధిలోనికి జరుపును. కాలువమీద బండలు కొన్ని యుండును, కొన్ని యుండవు. కాలిబాట యున్నచోట దానిపై దుకాణపు సరకులు, మోటారుసైకిళ్లు, కరెంటుస్తంభము. కాళ్లు సరిగా నున్నవాడు పదిగజముల దూరములో మూడుమాఱులు దిగి యెక్కును, దానిని గమనింపనైన గమనింపడు. చంకకఱ్ఱలవానికి ప్రతి మెట్టును నొక గండమే. ఒకమాఱు జారిపడి తుంటియెముక విఱిగినచో ఈ వయస్సున మరల మునుపటివలె నడచుట యరుదు.

పడుదుమను భయమున వెలుపలికి వచ్చుట తగ్గిపోవును. ఇంట కూర్చున్నకొలది బరువు, మధుమేహము, రక్తపుపోటు పెరుగును; మిగిలిన కండయు కరిగిపోవును. స్త్రీల బాధ మఱింత దుస్సహము. చక్రాలకుర్చీ పట్టు మరుగుదొడ్డి యెచ్చటను లేదని యెఱిగి, బయలుదేరిననాడు నీరు త్రాగుట మానుదురు. మన వేసవిలో నీరు త్రాగకుండుట యన నెట్టిదో పాఠకులకు చెప్పనక్కఱలేదు.

చట్టములకు కొదువ లేదు. 2011 జనాభా లెక్కలనుబట్టి దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందు అయిదవవంతు కదలికలో లోపము గలవారు. 2016 చట్టము ప్రభుత్వ భవనములను వీరికి ప్రవేశయోగ్యముగా మార్చుటకు, నిబంధనలు వెలువడిననాటినుండి అయిదేండ్ల గడువు పెట్టినది. నిబంధనలు 2017లో వచ్చినవి. గడువు 2022తో తీఱినది. ప్రవేశ సౌకర్యముల ప్రమాణములను కేవలము సలహాలుగా నుంచుట చట్టవిరుద్ధమనియు, తప్పనిసరి నిబంధనలు చేయవలెననియు 2024 నవంబరు 8న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఇంతలో వికలాంగులకు దివ్యాంగులని పేరు మాత్రము మాఱినది. ఆంధ్రప్రదేశమున 2024 జులైలో వీరి పింఛనును నెలకు ఆఱువేల రూపాయలకు పెంచి యింటివద్దనే అందజేసిరి. మంచి పనియే. కాని డబ్బు ఇల్లు చేరుటకును, మనుష్యుడు ఇల్లు వెడలుటకును భేదము కలదు.

డబ్బు లేదని పురపాలక సంఘములు చెప్పవచ్చును. మేము అసాధ్యమును కోరుట లేదు. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల ఏటవాలు కావలెను; ఇఱుకు సందులలో ప్రతి వాకిటను అది యమరదు. పాతరోడ్డును గీకి తీసిన తర్వాతనే కొత్తది వేయుట, కాలువబండలను పూర్తిగా నుంచుట, చౌకధరల దుకాణమునకు, బ్యాంకునకు, ఆరోగ్య కేంద్రమునకు పోవు దారిని ముందుగా చక్కజేయుట — ఇవి యెంతటి వ్యయము? మఱియు మన పాఠకులలో అద్దెలకై మేడలు కట్టించినవారు పలువురు గలరు. క్రింద దుకాణము, పైన వైద్యుని గది, నడుమ ఇరువది మెట్లు, లిఫ్టు లేదు. వైద్యునికి క్రింది గదియే యిచ్చుటకు ఏ చట్టమును అక్కఱలేదు.

వార్డు రోడ్లకు మరల టెండర్లు పిలుచుటకు ముందు, పురపాలక ఇంజనీరు చంకకఱ్ఱలతో నడచు ఆ వార్డువాని నొకనిని వెంటబెట్టుకొని, ఆతని యింటినుండి ఆరోగ్య కేంద్రమువఱకు నడచి, ఆతడు ఆగినచోట్ల నెల్ల అంచనాపత్రములో వ్రాసికొనవలెను.