అక్కడంటే ఎక్కడ?

హోసూరులో మన తెలుగు ఇళ్లకు వెళ్లినప్పుడు నేను గమనించే విషయం ఒకటుంది. 'పుస్తకం ఎక్కడుంది?' అని అడిగితే అయిదేళ్ల పిల్లవాడు వేలు చూపించి 'అక్కడ' అంటాడు. బీరువా మీదా? వెనకా? పక్కనా? వాడికి అన్నీ 'అక్కడే'. ఇది చిన్న సంగతి కాదు. జాతరలో తప్పిపోయిన పిల్లవాడు 'మా ఇల్లు గుడి వెనక, చెరువు పక్కన' అని చెప్పగలిగితేనే కదా ఇల్లు చేరేది!

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. అది శ్రద్ధగా నేర్వవలసిందే. తెలుగు మాటలు మాత్రం ఇంట్లో మనమే నేర్పుకోవాలి.

పిల్లలకు ముందుగా పట్టుబడేవి లోపల, మీద, కింద. కుడిఎడమలు బాగా ఆలస్యం. తన కుడిచెయ్యి చూపగలిగినవాడు కూడా ఎదుటివారి కుడిచెయ్యి అడిగితే తడబడతాడు. కోప్పడకండి, మన పక్కన, మనం చూసే వైపే నిలబెట్టి చూపించండి.

ఒక డబ్బా, ఒక గోళీ చాలు. గోళీ డబ్బాలో ఉంది, డబ్బాలోకి వేశాను, డబ్బాలోంచి తీశాను. ఉండటం, పోవటం, రావటం మూడూ ఆటలోనే వచ్చేస్తాయి. ఎక్కు, దిగు, దూరు, దాటు అన్నవి పిల్లవాడి చేతనే చేయించాలి. 'నా ముందు కూర్చో', 'ముందు అన్నం తిను' అన్న రెండింటికీ తేడా విడమరచి చెప్పాలి.

ఇక దిక్కులు. తమిళంలో తూర్పు కిళక్కు, పడమర మేఱ్కు. కీళ్ అంటే కింద, మేల్ అంటే పైన. పడమటి కనుమల నుంచి తూర్పు సముద్రానికి నేల వాలి ఉండటమే ఇందుకు కారణమంటారు. మన పడమరలో ఉన్నది పొద్దు పడటం. రెండు భాషల పిల్లవాడికి నేలా, సూర్యుడూ రెండూ గుర్తులే!

సుమారు 900 మీటర్ల ఎత్తున్న హోసూరు నుంచి కృష్ణగిరికి దాదాపు 50 కిలోమీటర్లు. మొత్తం మీద దిగుడే. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని కూడా కెలవరపల్లి ఆనకట్ట దాటి కృష్ణగిరి ఆనకట్టకు దిగుతుంది. బస్సులో పిల్లవాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, 'చంద్రచూడేశ్వరుని కొండ ఏ తట్టున ఉంది? ఎక్కుతున్నామా, దిగుతున్నామా?' అని అడగండి.

కాడికి కట్టిన ఎద్దుల్లో ఎడమది దాపటెద్దు, కుడిది వలపటెద్దు. ట్రాక్టర్లు వచ్చాక ఆ మాటలు వినపడటం తగ్గింది. సేద్యం చేసిన తాతలు ఉండగానే పిల్లలకు చెప్పించండి.

రోజుకు పది నిమిషాలు చాలు. 'అక్కడ' అన్నప్పుడల్లా 'దేని పక్కన?' అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి.