డాక్టర్లూ చదువుకోవాలి

డాక్టరు చదువు ఎప్పుడు పూర్తవుతుంది?

ఎం.బి.బి.ఎస్. పాసై, ఆ అక్షరాలు బోర్డు మీద రాయించుకున్న రోజున పూర్తయిపోతుందని మనం అనుకుంటాం. కానీ అలా కాదు. వైద్యం మారుతూ ఉంటుంది. కొత్త మందులు వస్తాయి. పాత మందుల్లో కొన్ని మంచివి కావని తేలుతుంది. ఇరవై ఏళ్ళ కిందట కాలేజీలో విన్నదే పట్టుకుని కూర్చుంటే ఆ డాక్టరు చేతిలో మనకు నష్టం జరగొచ్చు.

అందుకే డాక్టర్లు కూడా ఎప్పటికప్పుడు నేర్చుకుంటూ ఉండాలని చాలా దేశాల్లో నియమం పెట్టారు. మన దేశంలో భారత వైద్య మండలి 2002లో ఇలాంటి నియమమే రాసింది. ప్రతి డాక్టరూ ఐదేళ్ళలో కనీసం 30 గంటలు వైద్య సభల్లో పాల్గొనాలి. (2020లో ఆ మండలి పోయింది. దాని స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది.)

సరే, 30 గంటలు కూర్చున్నారు. విన్నారు. భోజనం చేశారు. ఇంటికి వచ్చారు. మరి మర్నాడు రోగికి చేసే వైద్యం ఏమైనా మారిందా? ఈ ప్రశ్న మీద కూడా పరిశోధనలు జరిగాయి. ఇది మనకు ఎందుకంటారా? ఒక ఇంజెక్షను కథ వినండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూసే ఉంటారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. డొక్కలు ఎగరేస్తుంది. ఊపిరి అందదు. ఎందుకని? మన ఊపిరితిత్తుల్లో గాలి నిండే చిన్న చిన్న తిత్తులు కోట్ల కొద్దీ ఉంటాయి. అవి అతుక్కుపోకుండా లోపల ఒక జారుడు పదార్థం పూత లాగా ఉంటుంది. ఆ పూత నెలలు నిండే కొద్దీ తయారవుతుంది. ముందే పుట్టిన బిడ్డకు అది చాలదు. తడిసిన పాలిథిన్ సంచి అతుక్కుపోతే నోటితో ఊది తెరవడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆ బిడ్డ ప్రతి ఊపిరికీ అంత కష్టపడాలి.

న్యూజిలాండు అనే దేశం ఉంది. అక్కడ ఆక్లాండ్ నగరంలో లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేసేవారు. తల్లి గొర్రె ఈనక ముందే ఒక రకం మందు అందితే, నెలలు నిండని పిల్ల కూడా ఊపిరి తీసుకోగలుగుతోందని ఆయన గమనించారు. తర్వాత హౌవీ అనే డాక్టరుతో కలిసి 282 మంది గర్భిణుల మీద పరీక్ష చేశారు. కొందరికి ఆ ఇంజెక్షను ఇచ్చారు. కొందరికి ఇవ్వలేదు. 1972లో లెక్క బయటపెట్టారు. మందు అందని తల్లుల బిడ్డల్లో వందకు 15 మంది తొలిరోజుల్లోనే చనిపోయారు. మందు అందిన తల్లుల బిడ్డల్లో వందకు 3 మంది.

ఖరీదైన మందు కూడా కాదు. పుట్టబోయే బిడ్డ కోసం తల్లికి వేసే ఇంజెక్షను, అంతే.

ఇంత మంచి సంగతి తెలిశాక డాక్టర్లందరూ మర్నాటి నుంచే వాడి ఉంటారు అనుకుంటాం కదా? లేదు! తల్లికి చీము పడుతుందేమో, బిడ్డకు తర్వాత ఏమవుతుందో అని కొందరు భయపడ్డారు. మేం చదివినప్పుడు ఇది లేదే అని కొందరు ఊరుకున్నారు. ఒకదాని తర్వాత ఒకటి పరీక్షలు జరిగాయి. మందు మంచిదనే తేలుతూ వచ్చింది. అమెరికాలో పెద్ద డాక్టర్లు సభ పెట్టి, ఇది వాడండి అని గట్టిగా చెప్పేసరికి 1994 వచ్చింది. ఇరవై రెండేళ్ళు! ఆ మధ్యలో పోయిన బిడ్డల మాట ఎవరు చెప్పాలి?

సభ వాళ్ళు చెప్పిన తర్వాత ఏం జరిగింది? దాన్ని కూడా లెక్క కట్టారు. అమెరికాలో 27 పెద్ద ఆసుపత్రులను రెండు గుంపులు చేశారు. రెండు గుంపుల్లోనూ మొదట్లో, మందు అవసరమైన తల్లుల్లో వందకు 33 మందికే అది అందుతోంది. ఒక గుంపుకు ఎప్పటిలాగే పత్రికల్లో సమాచారం అందింది. రెండో గుంపులో ఇంకా చేశారు. పెద్ద డాక్టరును పిలిచి చెప్పించారు. కేసు కాగితం మీద గుర్తు చేసే చీటీ పెట్టారు. ఇలాంటి తల్లి వస్తే ఏం చేస్తారు అని కూర్చుని మాట్లాడుకున్నారు. మీరు ఎందరికి ఇచ్చారు, ఎందరికి ఇవ్వలేదు అని లెక్క తీసి వాళ్ళకే చూపించారు. 1999లో ఫలితం చెప్పారు. మొదటి గుంపులో 33 కాస్తా 58 అయింది. రెండో గుంపులో 68 అయింది. వందకు పది మంది తల్లులు తేడా.

అదే 1999లో కెనడా దేశంలోని టొరంటో నగరం నుంచి డేవిస్ అనే డాక్టరు, ఆయన తోటివారు 14 పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకరు నిలబడి చెబుతుంటే మిగిలినవాళ్ళు విని వెళ్ళిపోయే సభల వల్ల డాక్టర్ల పని మారడం లేదని తేల్చారు. నలుగురూ చర్చించి, చేతులతో చేసి చూసిన చోట మార్పు వచ్చింది. మీకు ఇది కొత్తేమీ కాదు. బోర్డు మీద ఎవరో 'అ' రాస్తే చూసినంత మాత్రాన మీకు రాలేదు. పలక మీద దిద్దితేనే వచ్చింది.

ఇంకో మాట. తల నెరిసిన డాక్టరు దగ్గరికే పోదాం అంటాం. 2005లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు 62 పరిశోధనలు చదివి చూశారు. సగానికి పైగా పరిశోధనల్లో, ఏళ్ళు గడిచే కొద్దీ డాక్టరు చేసే వైద్యం కొత్త పద్ధతులకు వెనకబడుతున్నట్టు కనిపించింది. పెద్ద డాక్టర్లు పనికిరారని దీని అర్థం కాదు. నేర్చుకోవడం ఆపని పెద్దాయన దొరికితే అంతకన్నా ఏం కావాలి! చిక్కేమిటంటే, తనకు ఎంత తెలియదో డాక్టరు తానే సరిగ్గా చెప్పలేరని 2006లో ఇంకో పరిశోధన చెప్పింది. అందుకే బయటివాళ్ళు లెక్క చూపించాలి.

మందుల కంపెనీలకు ఈ సంగతులు ఎప్పుడో తెలుసు. టై కట్టుకుని, బ్యాగు పట్టుకుని డాక్టరు గది బయట నిలబడే మనిషిని మీరు చూసే ఉంటారు. ఆయన ఉపన్యాసం చెప్పడు. ఎదురుగా కూర్చుని రెండు ముక్కలు మాట్లాడి పోతాడు. కానీ ఆయన చెప్పేది తన కంపెనీ మందు గురించే. బోస్టన్ నగరంలోని అవోర్న్ అనే డాక్టరు దీన్ని తిప్పి వాడారు. ఏ మందూ అమ్మని ఫార్మసిస్టులను నాలుగు రాష్ట్రాల డాక్టర్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పంపారు. ఈ మందు అవసరం లేదండీ అని నెమ్మదిగా చెప్పించారు. అనవసరంగా రాసే మందులు వందకు 14 వంతులు తగ్గాయి. ఇది 1983 నాటి మాట.

మళ్ళీ మన ఇంజెక్షను దగ్గరికి వద్దాం. 2014లో మన కేంద్ర ప్రభుత్వం, నెలలు నిండకుండా నొప్పులొస్తే ఏ.ఎన్.ఎం. కూడా మొదటి ఇంజెక్షను వేసి పెద్దాసుపత్రికి పంపవచ్చు అని చెప్పింది. 2015లో ఆరు దేశాల పల్లెల్లో చేసిన పరిశోధన ఫలితం వచ్చింది. అందులో మన దేశమూ ఉంది. మందు వాడకం పెరిగింది, కానీ పసిబిడ్డల చావులు తగ్గలేదు. కొంచెం పెరిగాయి కూడా! ఎంత ఆశ్చర్యమో చూడండి. ఆ మందు తీసుకున్న తల్లుల్లో చాలామందికి పుట్టినవాళ్ళు చిన్నబిడ్డలు కానే కారు. నెలల లెక్క సరిగ్గా తెలియలేదన్నమాట.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో 29 ఆసుపత్రుల్లో మళ్ళీ పరీక్ష చేసింది. ఈసారి స్కానింగు తీసి నెలలు చూసుకున్నారు. బిడ్డను చూసుకునే ఏర్పాటున్న చోటే ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది. మందు అందని చోట వందకు సుమారు 24 మంది బిడ్డలు పోతే, అందిన చోట సుమారు 20 మంది పోయారు. మందు మంచిదే. ఎవరికి, ఎక్కడ, ఎన్నో నెలలో అన్నది తెలియాలి. 1994లో నేర్చుకుని అక్కడే ఆగిన డాక్టరుకు ఈ చివరి సంగతులు తెలియవు.

నెలల లెక్క డాక్టరుకు చెప్పాల్సింది ఎవరు? మనమే. ఆఖరుసారి బయట చేరిన తేదీ ఇప్పుడు మీరే రాసుకోగలరు. క్యాలెండరు మీద రాయండి. మొదటి నెలల్లో తీసిన స్కానింగు కాగితం పారేయకుండా దాచండి. అందులో తేదీ ఉంటుంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. ఎన్ని రోజులు ఎక్కువగా కడుపులో ఉంటే బిడ్డకు అంత బలం.

తొమ్మిదో నెల రాకముందే నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, తెల్లారాక చూద్దాం అనొద్దు. 108కు ఫోను చేయండి. కాగితాలు వెంట తీసుకుపోండి. బిడ్డ ఊపిరికి ఇంజెక్షను వేస్తారా అని అడగండి. ఆ మందును పన్నెండు గంటలకు ఒకటి చొప్పున నాలుగుసార్లు ఇస్తారు. అది బిడ్డకు బాగా పనిచేయాలంటే కాన్పుకు ముందు దాదాపు ఒక రోజు సమయం దొరకాలి.