పందెపు పావురానికి వాము నీళ్లు

మీరెప్పుడైనా పావురాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారా? దాని గుండె టకటక కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తుంది. ఊపిరి మాత్రం అంతగా తెలియదు. ఊరికే కూర్చున్న పావురం నిమిషానికి 25, 30 సార్లు గాలి పీలుస్తుంది. అదే పావురం ఆకాశంలో ఎగురుతున్నప్పుడో? నిమిషానికి 400 సార్లకు పైమాటే! రెక్క ఒకసారి కొడితే ఊపిరి ఒకసారి. మనం అంత వేగంగా ఊపిరి తీస్తే కళ్లు తిరిగి పడిపోతాం.

పావురాల పందేలకు పుట్టినిల్లు బెల్జియం దేశం. మనకు దగ్గరలో చెన్నైలో కూడా ఈ పందేలున్నాయి. పావురాలను బుట్టల్లో దూరం తీసుకువెళ్లి ఒకేసారి వదులుతారు. ఏది తన గూటికి ముందుగా చేరితే దానిది గెలుపు. చెన్నై పావురాన్ని విజయవాడలో వదిలారనుకోండి. తిన్నగా ఎగిరితే సుమారు 380 కిలోమీటర్లు. గంటకు 70 కిలోమీటర్ల చొప్పున లెక్క వేయండి. అయిదున్నర గంటలు ఎక్కడా ఆగకుండా రెక్కలాడించాలి! 2020 నవంబరులో బెల్జియంలో న్యూ కిమ్ అనే రెండేళ్ల ఆడ పావురం వేలంలో 16 లక్షల యూరోలు పలికింది. ఇంత ఖరీదైన పక్షికి జలుబు చేస్తే యజమానికి నిద్ర పడుతుందా? అందుకే అక్కడివాళ్లు నీళ్లలో వెల్లుల్లి వేస్తారు, మూలికల కషాయం పోస్తారు, గింజలకు ఒరెగానో అనే ఆకు నూనె పట్టిస్తారు. ఇవి పనిచేస్తాయా? ముందు పావురం ఊపిరి ఎలా తీస్తుందో చూడాలి.

కమ్మరి కొలిమి చూశారు కదా? తిత్తి నొక్కితే గాలి నిప్పుల మీదికి వెళుతుంది. పావురం ఒంట్లో అలాంటి గాలితిత్తులు తొమ్మిది ఉన్నాయి. అవి పలుచని సంచులు. కొన్ని రెక్క ఎముకల లోపలికి కూడా చొచ్చుకు పోతాయి. మన ఊపిరితిత్తులు బుడగలా ఉబ్బి తగ్గుతాయి. వచ్చిన దారినే గాలి తిరిగిపోతుంది. పావురం ఊపిరితిత్తులు దాదాపు కదలవు. పీల్చిన మంచిగాలిలో చాలా భాగం ముందు వెనుక తిత్తుల్లోకి పోతుంది. గాలి వదిలినప్పుడు అది ఊపిరితిత్తుల గుండా ముందుకు నడుస్తుంది. మళ్లీ పీల్చినప్పుడు ముందు తిత్తుల్లో చేరుతుంది. మళ్లీ వదిలినప్పుడుగాని బయటికి రాదు. అంటే ఒక గుక్కెడు గాలి బయటపడడానికి రెండు ఊపిరులు కావాలి! దీనివల్ల పీల్చినప్పుడూ, వదిలినప్పుడూ కూడా ఊపిరితిత్తులకు కొత్త గాలే తగులుతుంది. ప్రాణవాయువు దండిగా దొరుకుతుంది.

కాని ఈ వరంలోనే ఒక చిక్కు ఉంది. గాలిలో విషముంటే అదీ దండిగానే ఎక్కుతుంది. వెనుకటికి బొగ్గు గనుల్లోకి కేనరీ పిట్టలను తీసుకువెళ్లేవారు అందుకే. పైగా గాలితిత్తులకు రక్తనాళాలు చాలా తక్కువ. అక్కడ బూజుగాని, సూక్ష్మజీవిగాని కాపురం పెడితే రక్తంలోని రక్షక కణాలు, మింగిన మందు రెండూ అక్కడికి అంత తేలికగా చేరలేవు. మనలాగా బలంగా దగ్గి కఫాన్ని నెట్టడానికి పావురానికి ఉదరవితానం కూడా లేదు.

ఇక మూలికల సంగతి. ఒరెగానో నూనెలో కార్వక్రాల్, థైమాల్ అనే పదార్థాలుంటాయి. థైమాల్ కోసం బెల్జియం దాకా పోనక్కర లేదు, మన వంటింటి వాములో ఉంది. తెలంగాణలో ఓమ అంటారే, అదే. గాజుపళ్లెంలో పెంచిన సూక్ష్మజీవుల మీద థైమాల్ పోస్తే చాలా రకాలు చస్తాయి. ఇది నిజం. అయితే పావురం గాజుపళ్లెం కాదు కదా! థైమాల్ నీళ్లలో చాలా కొద్దిగానే కరుగుతుంది. వాము నీళ్లు పావురం కడుపులోకి పోతాయిగాని గాలితిత్తుల్లోకి పోవు. కడుపులోంచి రక్తంలోకి, అక్కడినుంచి కాలేయం దాటి చేరేది ఎంత? పేగులకు మేలు చేస్తుందేమో, ఊపిరికి చేస్తుందని అంత ధీమాగా చెప్పలేం.

మెంథాల్ కథ మరీ తమాషా. అది ముక్కులో చల్లదనం తెలిపే నాడులను తట్టి లేపుతుంది. ముక్కు తెరుచుకున్నట్లు మనకు అనిపిస్తుంది. గాలి ఎంత పోతున్నదో కొలిచి చూస్తే మునుపటంతే! అడ్డసరం ఆకు మాత్రం వట్టిది కాదు. అందులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే కఫాన్ని పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. దానిని మనుషులకూ, కోళ్లకూ కూడా ఇస్తారు. అయితే ఆకులో ఎంత ఉన్నదో చూసి చెప్పలేం, మాత్రలో ఎంత ఉన్నదో తెలుసు. తేడా అదీ.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. ఏళ్ల క్రితం తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వచ్చి, “మాస్టారూ, మా పావురం నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, ఏం చెయ్యమంటారు?” అన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే, “నీలగిరి తైలం వాసన చూపించరా” అన్నాను. వాడు నా మాట మీద గురితో పావురాన్ని అట్టపెట్టెలో పెట్టి, తైలం గుడ్డ వేసి, మూత మూశాడు. తెల్లవారేసరికి పావురం చచ్చిపోయింది. రోగమే చంపిందో, తైలమే చంపిందో నేను చెప్పలేను. కాని మూసిన పెట్టెలో ఘాటైన ఆవిరి ఆ తొమ్మిది తిత్తుల్లోనూ నిండి ఉంటుందని నాకు తెలిసి ఉండాలి. పాఠంలో చెప్పేవాడినే కదా!

మరునాడు వాళ్ల మేడమీదికి వెళ్లాను. గూటిలో వంగితే కళ్లు మండాయి. తడిసిన రెట్టలో సూక్ష్మజీవులు పెరిగి అమ్మోనియా పుట్టిస్తాయి. శ్వాసనాళం లోపల కఫాన్నీ, దుమ్మునూ పైకి ఊడ్చే సన్నని నూగు ఉంటుంది. అమ్మోనియా ఆ నూగును పాడుచేస్తుంది. అప్పుడు ఏ మూలిక పోసినా చిల్లికుండలో నీళ్లే. అంతకన్నా ఆ గూటికి ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించడం మేలు.

మీ ఇంట్లో పావురాలుంటే ఇలా గమనించండి. ముక్కు మీది తెల్లని ఉబ్బు బూడిదరంగుకు తిరిగినా, ఒక్క కన్నే నీరు కారుతున్నా, దానిని వేరే గూట్లో ఉంచి పశువుల డాక్టరుకు చూపించండి. ఆర్నిథోసిస్ అనే జబ్బు అయితే అది మనుషులకూ అంటుకుంటుంది. దానికి తగిన యాంటీబయాటిక్ ఉంది, వాముతో పోదు. రెట్ట ఊడ్చే ముందు నీళ్లు చిలకరించి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోండి. ఏళ్ల తరబడి రెక్కల పొడి పీల్చిన కొందరికి ఊపిరితిత్తులు వాచి ఆయాసం పట్టుకుంటుంది.

వాము నీళ్లు ఇచ్చి చూస్తామంటారా? ఆరోగ్యంగా ఉన్న ఇరవై పావురాలలో చీట్లు వేసి పదింటికి వాము నీళ్లు, పదింటికి మామూలు నీళ్లు పెట్టండి. గూడు, గింజలు రెండు జట్లకూ ఒకటే ఉండాలి. మూడు నెలలు ఏది ఎన్నిసార్లు తుమ్మిందో, ఏది జబ్బుపడిందో పుస్తకంలో రాయండి. మా కుర్రవాడు ఆ తరువాత ఈ లెక్క రాశాడు. రెండు జట్లకూ తేడా ఏమీ రాలేదు. కిటికీలు పెట్టాక మాత్రం తుమ్ములు రెంటిలోనూ తగ్గాయి.