కాకతీయ వంశనామము - శ్రీ పరబ్రహ్మశాస్త్రిగారి శాసన పరిశోధనము

కాకతీయులకు ఆ పేరెట్లు వచ్చెనను ప్రశ్నకు మన పండితులు చిరకాలము కావ్యముల నుండియే సమాధానము చెప్పుచుండిరి. విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు వ్యాఖ్య రచించిన కుమారస్వామి సోమపీథి, కాకతి యనునది ఏకశిలానగరమున వెలసిన దుర్గాశక్తి యనియు, ఆమె నారాధించుటచే ఈ రాజులు కాకతీయులైరనియు చెప్పెను. ఓరుగల్లున నివసించు మాబోటివారికి ఆ మాట ప్రియమైనదే. కాని దానిని శాసనములతో సరిచూడవలసి యుండెను. ఆ పని చేసినవారు డాక్టరు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు.

వీరు గుంటూరు మండలమువారు. ఆంధ్రప్రదేశ్ పురావస్తుశాఖ శాసనవిభాగమున పెక్కేండ్లు పనిచేసి ఉపసంచాలకులైరి. 1974లో వెలువడిన కరీంనగరు జిల్లా శాసనసంపుటము వీరి సంపాదకత్వమున వచ్చినదే. ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నార్జించిన వీరి కాకతీయచరిత్రమును 1978లో ప్రభుత్వము ఆంగ్లమున ప్రకటించెను. 2016లో దివంగతులైరి.

ఆ గ్రంథమున వంశారంభ చర్చకు ప్రాణము బయ్యారము చెఱువు శాసనము. గణపతిదేవుని సోదరియు, నతవాడి రుద్రుని భార్యయు నగు మైలాంబ ధర్మకీర్తిసముద్రమను తటాకమును నిర్మించి వేయించినది. బయ్యారము నేటి మహబూబాబాదు జిల్లాలోనిది. పుట్టినింటి పూర్వులను ఆమె వెన్నభూపుడు మొదలుకొని వరుసగా చెప్పించెను. వెన్నడు కాకతి యను పురమునుండి ఏలెననియు, అందుచే అతని సంతతివారు కాకతీశులైరనియు అందు కలదు. ఒకటి వంశపు ఆడపడుచు చెప్పించిన మాట. రెండవది వంశమంతరించిన పిదప వ్యాఖ్యాత వ్రాసిన మాట. వీనిలో దేనికి బలమెక్కువయో చెప్పనక్కఱలేదు.

దీనితో పోల్చదగినది వేంగీ చాళుక్య దానార్ణవుని మాంగల్లు తామ్రశాసనము (క్రీ. శ. 956). అందు కాకర్త్య గుండ్యన పూర్వుల పేళ్ల చివర రాష్ట్రకూట శబ్దము కానవచ్చును. శాస్త్రిగారు రెండు వంశక్రమములను సమన్వయించి, తొలి కాకతీయులు రాష్ట్రకూట వంశీయులే యనియు, ఆ చక్రవర్తుల సేనానులై తెలుగునేలకు వచ్చిరనియు నిర్ణయించిరి. సేనానులనుటకు మాకు సందేహము లేదు. ఆ వంశీయులే యనుటకు మాత్రము సంకోచింతుము. వేంగీ చాళుక్యుల దానశాసనములందు రాజాజ్ఞ నందుకొను గ్రామ ప్రముఖులకును రాష్ట్రకూట శబ్దమే అడుగడుగున వాడబడినది కదా! ఇది వంశనామమా, ఉద్యోగనామమా యని శాసనభాష నుండి తేల్చుట తెలుగుశాఖల పరిశోధక విద్యార్థులకు తగిన పని.

రుద్రమదేవి మరణకాలమును గూర్చియు ఇట్టి సవరణ జరిగినది. ఆమె 1295 వఱకు ఏలెనని పూర్వము తలచెడివారు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము ఆ తలంపును తొలగించెను. శకవర్షము 1211 విరోధి సంవత్సరమున, అనగా 1289 నవంబరు 27వ తేదీన, పువ్వుల ముమ్మడి యను సేవకుడు శివలోకమున కేగిన రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా భూదానము చేసెను. ఇరువురి మరణమును శాసనము కలిపి చెప్పుటచే, కాయస్థ అంబదేవునితోడి యుద్ధమున వారు కూలిరని ఊహింపబడినది. యుద్ధప్రసక్తి మాత్రము ఆ శాసనమున లేదు.