థైరాయిడ్ గ్రంథియు హృదయమును

మన యిండ్లలో జ్వరము వచ్చిన స్త్రీకి మంచము దొరకును, దగ్గు వచ్చిన స్త్రీకి కషాయము దొరకును. ఎల్లప్పుడును అలసియుండు స్త్రీకి మాత్రము “సోమరి” యను బిరుదొక్కటియే దొరకుచున్నది. నాలుగు మెట్లెక్కిన నాయాసము, తెల్లవాఱుసరికి ముఖమున ఉబ్బు, వేసవియందును చలి, మలబద్ధము, బొంగురుపోయిన కంఠము, మితముగా భుజించుచున్నను పెరుగు దేహము, ఇవన్నియు వయసుచే వచ్చినవని కొందఱును, పనిదొంగతనమని కొందఱును తలంతురు. సోదరీమణులారా, అట్టివారి నాడి నొక్కమారు పట్టిచూడుడని మా మనవి. నిమిషమునకు 70, 80 మార్లు కొట్టుకొనవలసిన నాడి 50కి దిగియుండవచ్చును. అలసట మనస్సునందు గాక హృదయమునందే యుండవచ్చును.

కంఠమునకు ముందువైపున సీతాకోకచిలుక యాకారమున థైరాయిడ్ అను గ్రంథి యొకటి కలదు. బరువు సుమారు 20 గ్రాములు. ఆహారములోని అయొడినును గ్రహించి యిది హార్మోనులను తయారుచేసి రక్తమున విడుచును. మెడ వాచు గళగండమును మన సుశ్రుతసంహిత యెఱుగును. కాని హార్మోను లోపము వాపేమియు లేకయే రావచ్చును; కావుననే యది యింటివారిని మోసగించును. పురుషులకంటె స్త్రీలకే యీ వ్యాధి పలుమడుంగులు హెచ్చు.

దీనిని మొదట గుర్తించినదియు స్త్రీలయందే. 1873లో లండనునందు విలియం గల్ అను వైద్యుడు వయసువచ్చిన స్త్రీలలో ఈ లక్షణములను వర్ణించెను. 1891లో న్యూకాసిల్ నగరమున జార్జి మఱ్ఱే యనునతడు గొఱ్ఱె థైరాయిడ్ గ్రంథినుండి రసము తీసి, 46 ఏండ్ల స్త్రీకి సూదిమందుగా నిచ్చెను. ఆమె తేరుకొనెను. పిదప నా రసమును నోటిద్వారా పుచ్చుకొనుచు 1919 వఱకు జీవించెను. అన్ని యేండ్లలో ఆమెకు వలసిన మందునకు 870కి మించిన గొఱ్ఱెల గ్రంథులు పట్టినవట! నేడు ఆ పని యావగింజంత మాత్ర చేయుచున్నది.

హృదయముమాట తేటపడుటకు మఱికొంత కాలము పట్టెను. 1918లో జర్మనీదేశపు వైద్యుడు హెర్మన్ జోన్‌డెక్, ఈ రోగుల హృదయము పెద్దదై, మందగించి యుండుటయు, గ్రంథిమందు నిచ్చినపిదప మరల కుదుటబడుటయు కనిపెట్టి ప్రకటించెను.

ఇది యెట్లు జరుగునో మా యాడుబిడ్డ కుమార్తె మాకు బోధించినది. ఆమె వైద్యకళాశాలలో రెండవ వత్సరము చదువుచు, సెలవులకు వచ్చినపుడెల్ల ఔషధశాస్త్రపు పాఠములను “అత్తయ్యా, వినండి” యని మాకు అప్పగించును. హృదయము ముడుచుకొని రక్తమును నెట్టినపిదప సడలి మరల నిండవలెను గదా. ముడుచుకొనునపుడు కండరకణమున విడుదలయైన కాల్షియము తిరిగి తన కొట్టుగదికి చేరినగాని యా సడలుట జరుగదు. దానిని చేరవేయు సాధనమును కణముచేత తగినంతగా తయారుచేయించునది థైరాయిడ్ హార్మోనే. అది లోపించిన హృదయము మెల్లగా కొట్టుకొనుటయే గాక మెల్లగా సడలును, తక్కువ రక్తమును పంపును. రక్తనాళములు బిగుసుకొని క్రింది రక్తపుపోటు హెచ్చును. కాలేయము కొలెస్టరాలును లాగుకొనలేక పోవుటచే నది రక్తమున పేరుకొనును. వ్యాధి ముదిరినచో హృదయమును చుట్టిన పొరలో నీరు చేరుటయు గలదు.

వారి యాచార్యురాలు తరగతిలో నొక ప్రశ్న వేసెనట. రోగి 60 ఏండ్ల స్త్రీ. బరువు 60 కిలోలు. హార్మోను లోపము మిక్కుటము. మెట్లెక్కిన ఱొమ్మున నొప్పి. థైరాక్సిన్ ఎంత యియ్యవలెను? విద్యార్థులు కిలోకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున గుణించి సుమారు 100 అనిరి. లెక్క తప్పుగాదు గాని యీ రోగికి మొదటనే అంత యిచ్చుట ప్రమాదమని యామె వారించెనట. మందగించిన హృదయమునకు ప్రాణవాయువు కొంచెము చాలియుండెను. మందు దానిని ఒక్కసారిగా పరుగెత్తించినచో ఎక్కువ కావలెనని యడుగును. కొలెస్టరాలుచే ఇఱుకైన నాళము లంత తేలేవు. నెలల తరబడి పథ్యమున నున్నవారికి ఒకేనాడు పెండ్లివిందు వడ్డించినట్లగును. నొప్పి హెచ్చుట, లయ తప్పుట, గుండెపోటు వచ్చుట కూడ సంభవమే. కావున నట్టివారికి 12.5 లేక 25 మైక్రోగ్రాములతో మొదలిడి, కొన్ని వారముల కొకమారు మెల్లగా పెంచుదురు. హృద్రోగము లేని పడుచువారికి మొదటనే నిండుమోతాదు నిచ్చుటయు గలదు.

అమ్మకు ఇంకను నీరసమే యని కొడుకులు మాత్రలు రెండేసి వేయించు నిండ్లను మేమెఱుగుదుము. థైరాక్సిన్ రక్తమున సగమగుటకే వారము పట్టును. అందుచే మోతాదు మార్చినపిదప సుమారు ఆఱు వారములకుగాని రక్తపరీక్షలో నిజము తేలదు. వార్ఫరిన్ అను రక్తము గడ్డకట్టనీయని మందు వాడువారు థైరాక్సిన్ మొదలిడినచో వార్ఫరిన్ ప్రభావము హెచ్చును గాన, ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. హృదయలయకై యిచ్చు అమియోడరోన్ మాత్రలో అయొడిను మెండు. ఒక్కొకప్పుడు అదియే యీ గ్రంథిని మందగింపజేయును.

మాత్రను పరగడుపున నీటితో వేసికొనవలెను. ఇనుపధాతువు, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల యెడముండవలెను. కాఫీయు మందును దేహమున కెక్కనీయదు. దానికి అరగంటయో గంటయో ఆగవలెను. మాత్ర చేదుగాదు గాని, పొయ్యిమీది డికాక్షను వాసన చూచుచు నా గంట గడపుటయే మన యిండ్లలో కష్టము.